నెట్టు పోయినా వినబడాలె

మొయినాబాద్ చౌరస్తాలో, మెహిదీపట్నం బస్సులు ఆగే చోటుకు కొంచెం పక్కగా, ఒకప్పుడు అంజయ్య మైక్ సెట్టు దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు, బోనాలకు, ఎన్నికల మీటింగులకు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ హారన్లు అక్కడి నుంచే వెళ్లేవి. అంజయ్యది చిన్న మంగళారం అనే ఊరు. ఇంట్లో అందరూ టమాటా, బీరకాయ పండించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలుతుంటే, ఆయనొక్కడు సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని కూర్చునేవాడు. ఆయన అన్న అంజిలయ్య కూతురు వనిత. బడి వదలగానే పుస్తకాల సంచి దుకాణంలో పడేసి, చిన్నాయన పక్కన స్టూలెక్కి కూర్చునేది.

వైర్లు కలపడం, కాలిపోయిన హారన్ యూనిట్ మార్చడం ఆమెకు పదో తరగతికల్లా వచ్చేశాయి. కానీ అంజయ్య ఆమెకు ఎక్కువగా అప్పజెప్పిన పని అవి కాదు. ఏ ఊళ్లో మైకు కట్టినా ఆమెను ఊరి చివరికి పంపేవాడు. అక్కడేదైనా మిద్దె ఎక్కి, మాట స్పష్టంగా వినబడితే తువ్వాలు ఊపాలి. వినబడకపోతే ఊపకూడదు. ఆయన దూరం నుంచి చూసి, తువ్వాలు కదలకపోతే హారన్ ముఖం తిప్పేవాడు.

"స్టేజీ కాడ ఎంత జోరుగ మోగితే ఏంది బిడ్డా," అనేవాడు. "ఆఖరి ఇంట్ల కూసున్నోళ్లకు మాట సమజైందా లేదా, గదే మన పని."

తర్వాత డీజేలు వచ్చాయి. లారీల మీద గోడలంత స్పీకర్లు వచ్చాక హారన్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. అదే కాలంలో హైటెక్ సిటీ పేరు ఊరూరా మోగుతుండటంతో, మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వరుసగా లేచాయి. నిన్నటిదాకా జొన్న చేను ఉన్నచోట ఈరోజు గేటు, గేటు మీద ఇంగ్లీషు అక్షరాలు. అంజిలయ్య కూడా రోడ్డు పక్క చెలక భూమి ఒకటి కాలేజీకి ఇచ్చాడు. వనిత ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది కాబట్టి, 2006లో అదే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది.

ఆఫీసు గదిలో ఒక పాత యాంప్లిఫయర్, మైకు, అక్కడి నుంచి ప్రతి అంతస్తుకూ రాగి తీగలు, తీగల చివర చెక్కపెట్టె స్పీకర్లు ఉండేవి. సగం పనిచేసేవి కావు. వనిత చేరిన నెలలోనే నిచ్చెన వేసుకుని అన్నిటినీ బాగుచేసింది. ఆ తర్వాత ఎవరు ఏ ప్రకటన చెప్పాలన్నా ఆమెనే పిలిచేవారు. ఆమె గొంతు గట్టిది కాదు కానీ, ఒక్కో మాట విడివిడిగా పలికేది. పిల్లలు ఆమెకు మైక్ మేడం అని పేరు పెట్టారు.

2011లో కాలేజీని స్మార్ట్ క్యాంపస్ చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. అందుకోసం జగదీశ్ వచ్చాడు. చేవెళ్ల వాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా చేసి, రోజూ అంత దూరం తిరగలేక సొంతూరి దగ్గర ఉద్యోగం చూసుకున్నాడు. పనిలో దిట్ట. పాత చెక్కపెట్టెలు తీయించి, ప్రతి గదిలో నెట్‌వర్క్ మీద నడిచే తెల్లటి స్పీకర్లు బిగించాడు. ఒక్క క్లాసుకు మాత్రమే వినబడేలా చెప్పవచ్చు. గంటలు వాటంతటవే మోగుతాయి. ఏదైనా అపాయం వస్తే తెర మీద ఎర్ర గుర్తు నొక్కితే చాలు, స్పీకర్లన్నీ పలుకుతాయి, అందరి ఫోన్లకూ మెసేజ్ పోతుంది.

వనితకు కొత్త ఏర్పాటు నచ్చింది. నిచ్చెనలు ఎక్కే బాధ తప్పిందని సంతోషపడింది. ఆ తెర ముందు కూర్చుని అన్నీ త్వరగానే నేర్చుకుంది.

మరుసటి ఏడు మార్చి నెలలో ఒక పొద్దున మూడో అంతస్తు కెమిస్ట్రీ ల్యాబులో ఏదో ద్రావకం అంటుకుంది. ల్యాబు నుంచి ఇంటర్‌కంలో కేక వినగానే వనిత ఎర్ర గుర్తు నొక్కింది. మైకు తీసుకుని, తొందరపడకుండా చెప్పింది. "మూడో అంతస్తులో మంటలు వచ్చాయి. అందరూ మెట్ల మీదుగా కిందికి దిగండి. లిఫ్టు ఎక్కకండి." మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. తెర మీద ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంది. పని జరుగుతోందనే అనుకుంది.

అప్పుడు కిటికీలోంచి ల్యాబు ఉన్న ఎదురు బ్లాకు కనిపించింది. రెండో అంతస్తు వరండాలో పిల్లలు గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నారు. ఒకడు తీరిగ్గా సమోసా తింటున్నాడు. వాళ్ల తలల మీదే స్పీకరు ఉంది.

వనితకు అర్థమైంది. ఇంతసేపూ తను ఖాళీ గదికి చెప్పింది. మైకు అక్కడే పడేసి ఆ బ్లాకు మెట్ల వైపు పరుగెత్తింది. ఒక్కో అంతస్తులో తలుపులు బాదుతూ, అరుస్తూ పైకి పోయింది. మూడో అంతస్తు చేరేసరికి పొగ అడ్డం వచ్చింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. చాలామందికి దెబ్బలు తగిలాయి. నాలుగో అంతస్తులో స్నానాల గదులు కడుగుతున్న నీలమ్మకు మాత్రం ఎవరి అరుపూ వినబడలేదు. నల్లా నీళ్ల చప్పుడులో ఆమె తలుపు వేసుకుని పని చేసుకుంటోంది. పొగ తలుపు సందుల్లోంచి వచ్చాకే ఆమెకు తెలిసింది. ఫైర్ ఇంజన్ వాళ్లు ఆమెను దించేటప్పటికి స్పృహ లేదు.

నీలమ్మ బతికింది. కానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, గొంతు బొంగురుపోయింది. వారం తర్వాత వనిత దవాఖానకు చూడటానికి వెళ్లింది. నీలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, గుసగుసలాడినట్టు అడిగింది.

"నువ్వు మైకుల చెప్తవ్ గద బిడ్డా. గా దినం ఎందుకు చెప్పలే?"

"చెప్పిన అవ్వా."

"నాకైతే వినరాలే."

అందులో నిందేమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. వనిత గ్లాసులో నీళ్లు పోసి తాగించి, బయటికి వచ్చి ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది.

మరునాడు నేరుగా జగదీశ్ గదికి వెళ్లింది. అతనూ సరిగ్గా నిద్రపోయినట్టు లేడు. జరిగిందేమిటో అప్పటికే తేల్చాడు. రోడ్డు పక్క పైపులైను కోసం తవ్విన జేసీబీ, కాలేజీకి వచ్చే ఫైబర్ కేబుల్‌ను తెంపేసింది. వనిత చెప్పిన మాట కాలేజీలో ఉన్న స్పీకరుకు చేరాలంటే, ముందు నగరంలో ఉన్న సర్వర్‌కు పోయి తిరిగి రావాలి. కేబుల్ తెగితే ఆ దారే లేదు, ఫోన్లకు మెసేజ్ కూడా పోదు.

"సిస్టం తప్పు లేదు మేడం. కేబుల్ తెగింది," అన్నాడు జగదీశ్.

"నీలమ్మవ్వకు రెండూ ఒక్కటే అన్నా."

అతను తల దించుకున్నాడు. "ఏం చేద్దామంటరు?" అని అడిగాడు.

"నెట్టు పోయినా వినబడాలె. కరెంటు పోయినా వినబడాలె. ఫోన్లు పోయినా వినబడాలె. గంతే. ఎట్ల చేస్తమో ఇద్దరం కూసొని ఆలోచిద్దాం."

ఆ ఎండాకాలం సెలవులు మొత్తం వాళ్లకు ఇదే పని. జగదీశ్ సర్వర్‌ను నగరం నుంచి తెప్పించి కాలేజీలోనే పెట్టాడు. బయటి కేబుల్ తెగినా లోపలి నెట్‌వర్క్ ఆగకుండా, ప్రతి అంతస్తులోని పరికరాలకు బ్యాటరీలు కట్టాడు. అది ఒక రక్షణ. అదీ పోతే? ఆ ప్రశ్నకు వనిత దగ్గర జవాబుంది. పాత రాగి తీగలు ఇంకా గోడల్లోనే ఉన్నాయి. కొన్ని ఎలుకలు కొరికేశాయి, కొన్నిటిని సున్నం వేసేవాళ్లు తెంపేశారు. వాటిని మళ్లీ కలిపితే నెట్‌తో ఏ సంబంధమూ లేకుండా, ఒక బ్యాటరీ, ఒక యాంప్లిఫయర్, ఒక మైకుతో మాట పోతుంది.

పరిపాలనాధికారి స్వామిదాసు ఒప్పుకోలేదు. "కొత్తది పెట్టుకున్నంక మల్ల పాతదెందుకమ్మా? చూసెటోళ్లు నవ్వుతరు," అన్నాడు.

"పాతది వద్దంటే, వేరేది ఏది పెడ్తరో మీరే చెప్పండి సార్. ఏదీ లేకుంట మాత్రం నేను ఆ కుర్చీల కూసోను."

స్వామిదాసు ఆశ్చర్యంగా చూశాడు. ఆరేళ్లలో ఆమె అతనికి ఎదురు చెప్పడం అదే మొదలు. చివరికి, కాలేజీ కొత్త సామాను ఏమీ కొనదు, మీ తిప్పలు మీరు పడండి అని వదిలేశాడు.

అంజయ్య దుకాణం అప్పటికి మూతబడింది. హారన్లు, యాంప్లిఫయర్లు చిన్న మంగళారంలో పశువుల కొట్టం అటక మీద గోనెపట్టాల కింద ఉన్నాయి. వనిత అడిగిందో లేదో, ఆయన ఆటోలో అన్నీ వేసుకుని కాలేజీకి వచ్చేశాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని, హారన్లు బిగిస్తూ అంతస్తులన్నీ తిరిగాడు. జగదీశ్ ఆయన దగ్గర తీగ చివర నీళ్లు చొరకుండా ముడివేయడం నేర్చుకుంటే, ఆయన జగదీశ్ దగ్గర ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఎంత మిగిలిందో చూడటం నేర్చుకున్నాడు.

అన్నీ కలిపాక వనిత ఇంకొకటి కావాలంది. "మనం చెప్పినం సరే. వాళ్లకు వినబడ్డదని మనకెట్ల తెలుస్తది?"

అంజయ్య నవ్వాడు. "తువ్వాలు ఊపాలె."

ఎక్కి ఊపేందుకు మిద్దెలు లేవు కాబట్టి ప్రతి అంతస్తు వరండాలో, సెల్లార్‌లో ఒక్కో బొత్తాం పెట్టారు. మాట వినబడినవాళ్లు దాన్ని నొక్కాలి. నొక్కగానే వనిత బల్ల మీద ఆ అంతస్తు బల్బు వెలగాలి. ప్రతి అంతస్తులో ఒక మనిషికి ఆ బాధ్యత అప్పగించారు. పనిలోకి తిరిగొచ్చిన నీలమ్మ, నాలుగో అంతస్తు బొత్తాం నాకే ఇవ్వమని అడిగి తీసుకుంది.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. ప్రతి గురువారం భోజనాల ముందు, వనిత చెప్పగానే జగదీశ్ నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తాడు. వనిత మెయిన్ స్విచ్ దించేస్తుంది. తర్వాత రాగి తీగ మీద మాట్లాడుతుంది. "ఇది పరీక్ష. మాట వినబడినవాళ్లు బొత్తాం నొక్కండి."

లెక్చరర్లకు చిరాకు పుట్టింది. పాఠం మధ్యలో ఫ్యాన్లు ఆగిపోతున్నాయి, ప్రొజెక్టర్లు ఆరిపోతున్నాయి, ఇంటర్నెట్ పోతోంది. నెట్టు ఉండగానే పరీక్ష చేసుకోవచ్చు కదా అని అడిగారు.

"నెట్టు ఉండంగ చేస్తే అది పరీక్ష ఎట్లయితది సార్?" అంది వనిత. "అన్ని మంచిగున్నప్పుడు మోగుతదని మనకు తెల్సు. మంచిగ లేనప్పుడు మోగుతదా అన్నదే చూడాలె."

ఫిర్యాదులు పెరిగాయి. ఒక సెమిస్టరు మధ్యలో స్వామిదాసు పరీక్షలు ఆపేయమన్నాడు. ఆ గురువారం బల్ల ముందు ఊరికే కూర్చున్న వనితకు అన్నం సహించలేదు. సాయంత్రం ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, స్టాఫ్ మీటింగులో కొద్దిసేపు మాట్లాడనివ్వమని కోరింది. ఆయన సరేనన్నాడు.

మీటింగుకు ఆమె నీలమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చాలామందికి నీలమ్మ ముఖం తెలుసు గానీ, మంటలు వచ్చిన నాటి నుంచి ఆమె మాట ఎవరూ వినలేదు. నీలమ్మ లేచి నిలబడింది. గదిలో ఏసీ చప్పుడు కంటే ఆమె గొంతు చిన్నగా ఉంది. వెనక వరుసలో వాళ్లు ముందుకు వంగారు.

"వనితమ్మ గా దినం మూడుసార్లు చెప్పిందంట. నాకు వినరాలే. నేను తప్పు చేసిననా అంటే చెయ్యలే. గామె తప్పు చేసిందా అంటే చెయ్యలే. నడిమిట్ల తీగ తెగింది. ఇప్పుడు వారం వారం నాకు వినబడ్తున్నది. నేను బొత్తాం ఒత్తుతున్న. గా పరీక్ష బంద్ చేస్తే నాకు నాలుగో అంతస్తు ఎక్కాలంటే బుగులైతున్నది. గంతే సార్."

ఆమె కూర్చుంది. ఫిజిక్స్ చెప్పే ఒక పెద్దాయన, "గురువారం ఆ టైంకు నేను ప్రొజెక్టర్ వాడను. బోర్డు మీద చెప్త," అన్నాడు. పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి.

నాలుగేళ్లు గడిచాయి. ఆ మధ్యలో కేబుల్ ఎన్నోసార్లు తెగింది, ఎన్నోసార్లు అతికింది. ఎవరికీ ఏ ఆపదా రాలేదు. కొత్తగా చేరిన పిల్లలకు గురువారం పరీక్ష, గంట మోగినంత మామూలైపోయింది. ఒకడు వనిత గొంతును అనుకరిస్తూ ఫ్రెషర్స్ పార్టీలో, "ఇది పరీక్ష" అని అందరినీ నవ్వించాడు. వనిత కూడా నవ్వింది. కానీ ఏ గురువారమూ వదల్లేదు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం జగదీశ్ చేత చేయించి, ఇంటి నుంచి ఫోన్ చేసి ఏ బల్బు వెలిగింది, ఏది వెలగలేదు అని అడిగేది.

2016 వానాకాలం చివర్లో నాలుగు రోజులు ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. కాలేజీ వెనక ఫామ్‌హౌసుల గోడల మధ్య వాగు దారి ఇరుకైపోయింది. నీళ్లు పోయే తోవ లేక కాలేజీ వెనక ప్రహరీకి ఆనుకుని మడుగు కట్టాయి. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లల్లో చాలామంది తడవకుండా సెల్లార్‌లో ఉన్న క్యాంటీన్‌లో చేరారు. ముందు వైపు మెట్లు, వెనక వైపు సామాను దించే ర్యాంపు, ఆ సెల్లార్‌కు ఉన్న దారులు అవే.

ముందు కరెంటు పోయింది. జనరేటర్ కాసేపు నడిచి, నీళ్లు చొరబడి ఆగిపోయింది. రోడ్డు మీద చెట్టు పడి ఫైబర్ తెగింది. ఫోన్లలో సిగ్నల్ కూడా పోయింది. జగదీశ్ బ్యాటరీల మీద లోపలి నెట్‌వర్క్‌ను నిలబెట్టేందుకు తంటాలు పడుతుండగా, సర్వర్ గదిలోకి కప్పు నుంచి నీళ్లు కారడం మొదలైంది. చేసేది లేక సర్వర్ ఆపేసి వనిత గదికి వచ్చాడు.

అదే సమయానికి వాచ్‌మన్ ఎంకయ్య తలుపు తోసుకుని వచ్చాడు. నిలువునా తడిసిపోయి ఉన్నాడు.

"అమ్మా, ఎనుక గోడ కింద నుంచి నీళ్లు ఎగజిమ్ముతున్నయ్. గోడ ఇటు ఒరుగుతున్నది. నేను కండ్లార చూసిన."

ఆ గోడ పడితే నీళ్లన్నీ ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకే పోతాయి. వనిత రాగి తీగల యాంప్లిఫయర్ వేసింది. దాని మీటరు ముల్లు కదిలింది. మైకు నోటి దగ్గరికి తీసుకుంది.

"ఇది పరీక్ష కాదు. అందరూ వినండి, ఇది పరీక్ష కాదు. సెల్లార్‌లో ఉన్నవాళ్లు వెంటనే ముందు మెట్ల మీదుగా పైకి రండి. వెనక ర్యాంపు వైపు పోవద్దు. మిగతా అంతస్తుల వాళ్లు కిందికి దిగొద్దు. ఉన్నచోటే ఉండండి. బొత్తాం నొక్కండి."

నాలుగో అంతస్తు బల్బు అందరికంటే ముందు వెలిగింది. తర్వాత రెండు, మూడు. ఒకటో అంతస్తు కొంచెం ఆలస్యంగా వెలిగింది. సెల్లార్ బల్బు వెలగలేదు. వనిత మళ్లీ చెప్పింది. వెలగలేదు.

"బల్బు పోయిందేమో మేడం," అన్నాడు జగదీశ్.

"బల్బు పోయిందో మాటనే పోలేదో మనకు తెల్వదు. తెల్వనప్పుడు వినలేదనే అనుకోవాలె." అప్పటికే ఆమె మైకు అతని చేతిలో పెట్టేసింది. "నువ్వు చెప్తనే ఉండన్నా. ఆపకు. పైనోళ్లు మెట్ల మీదికి రావద్దు, దారి ఖాళీగ ఉండాలె. ఎంకన్నా, నువ్వు ముందు మెట్ల కాడ నిలబడు. ఎవ్వరినీ ఆగనియ్యకు."

గోడకు వేలాడుతున్న, బ్యాటరీతో నడిచే చేతి మైకు లాక్కుని పరుగెత్తింది.

సెల్లార్ చీకటిగా ఉంది. ఫోన్ల వెలుతురులో ముఖాలు మెరుస్తున్నాయి. కరెంటు పోయిన ఉత్సాహంలో పిల్లలు బల్లలు వాయిస్తూ పాటలు పాడుతున్నారు. స్పీకరు నిజంగానే మూగబోయింది. వనిత ఒక బల్ల మీదికి ఎక్కింది.

"ఇది పరీక్ష కాదు!"

ఆ గొంతు వాళ్లకు బాగా తెలుసు. ప్రతి గురువారం విన్న మాటే, చివర ఒక్క ముక్క తేడా. దగ్గరలో ఉన్నవాళ్లు ముందుగా ఆగారు. పాట ఒక్కో బల్ల దగ్గర ఆగిపోతూ వెనక్కి పాకింది.

"సంచులు వదిలెయ్యండి. ముందు మెట్లు. ఉరకొద్దు, ఆగొద్దు. పక్కనోళ్ల చెయ్యి పట్టుకొని నడువుండ్రి."

కదిలారు. ఒకమ్మాయి ఏడుపు మొదలుపెడితే స్నేహితురాలు భుజం పట్టుకుని నడిపించింది. మెట్ల పైనుంచి ఎంకయ్య, "రాండ్రి, రాండ్రి, బయటికి పోండ్రి" అని అరుస్తూ, వచ్చినవాళ్లను వచ్చినట్టు ముందుకు నెట్టేస్తున్నాడు. వనిత వరుసకు అడ్డంగా వెనక్కి నడిచింది. ర్యాంపు పక్కన వంటగది ఉంది. అక్కడ పెద్ద పొయ్యిల హోరులో వంటవాళ్లకు ఇంకా ఏమీ తెలియదు. గిన్నెలు కడిగే ఆడవాళ్లు పాదాల దగ్గరికి వస్తున్న నీళ్లను చీపురుతో తోస్తున్నారు.

"గ్యాస్ బంద్ చెయ్యి! అన్ని విడిచి రాండ్రి!"

"అన్నం మాడిపోతది మేడం," అన్నాడు వంటాయన.

"మాడనియ్!"

అతను గ్యాస్ కట్టేస్తుండగా ర్యాంపు మీద పెద్ద చప్పుడైంది. లారీలోంచి కంకర దించినట్టు. ఆ వెంటనే ఎర్రమట్టి నీళ్లు వంటగది తలుపు కొట్టుకుని లోపలికి దూకాయి. ఖాళీ డేగిసా గిన్నెలు తేలుతూ వచ్చి కాళ్లకు తగిలాయి. వనిత ఒకామె కొంగు, ఇంకొకామె చెయ్యి పట్టుకుని ఈడ్చింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ఎంకయ్య కిందికి దిగి చేతికర్ర అందించాడు. వంటాయన అందరికంటే చివర, కడుపు దాకా నీళ్లలో, ఒక మెట్టు జారి, మళ్లీ లేచి పైకి వచ్చాడు.

పైన జగదీశ్ గొంతు ఇంకా వినబడుతూనే ఉంది. బొంగురుపోయింది కానీ ఆగలేదు.

అంతస్తుల వారీగా అందర్నీ లెక్క చూశారు. ఎవరూ తప్పిపోలేదు. ఒక కుర్రవాడికి మెట్ల మీద చీలమండ విరిగింది. అంతకుమించి ఏమీ కాలేదు. సాయంత్రానికి సెల్లార్‌లో నీళ్లు కప్పుకు ఉన్న ఫ్యాన్లను తాకాయి. స్వామిదాసు ఆ నీళ్ల వైపు చూస్తూ, పై మెట్టు మీద గొడుగు తెరవకుండానే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వనిత గదికి వచ్చి, "టీ తాగినవా అమ్మా?" అని అడిగాడు. ఆమె తాగలేదంటే, తనే వెళ్లి హాస్టల్ నుంచి ఫ్లాస్కులో తెప్పించాడు.

నీళ్లు తోడేశాక వనిత, జగదీశ్ సెల్లార్ స్పీకరు ఎందుకు పలకలేదో వెతికారు. సెల్లార్ రాగి తీగలు కలిసే డబ్బా ర్యాంపు పక్క గోడకు మోకాలి ఎత్తులో ఉంది. గోడ పడకముందే ర్యాంపు మీది వాననీళ్లు అందులోకి చేరాయి. దాన్ని అక్కడ బిగించింది వనితే. వంగితే చాలు, నిచ్చెన అక్కర్లేకుండా చేతికి అందుతుందని అప్పట్లో అనుకుంది. ఆ సంగతి మీటింగులో తనే చెప్పింది. డబ్బాను కప్పు దగ్గరికి మార్చింది. ఒకే తీగ మీద అన్నిటినీ నమ్మకూడదని సెల్లార్‌కు ముందు మెట్ల వైపు నుంచి ఇంకో తీగ వేసింది. చేతి మైకులు ప్రతి అంతస్తులో ఒకటి పెట్టించింది. అయినా, ఏ బల్బు వెలగకపోతే అక్కడికి మనిషి వెళ్లి తీరాలన్న నియమాన్ని అన్నిటికంటే పైన రాయించింది.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. చేవెళ్లలో ఒక నర్సింగ్ హోం వాళ్లు మొదట పిలిచారు. నెట్టు పోయినప్పుడు డాక్టర్లను పిలవడానికి ఆయాలు అంతస్తులు ఎక్కి దిగుతున్నారని చెప్పారు. వనిత, జగదీశ్ ఆదివారాలు వెళ్లి అక్కడ పని పూర్తిచేశారు. తర్వాత శంకర్‌పల్లి వైపు ఒక హాస్టలు, ఇంకో కాలేజీ. రెండేళ్లకు ఇద్దరూ ఉద్యోగాలు మాని దీన్నే పనిగా పెట్టుకున్నారు. అంజయ్య వాళ్లతో పాటు ఒక్క ఏడాదే తిరిగాడు. తర్వాత మంచాన పడ్డాడు. చివరి రోజుల్లో కూడా వనిత పని నుంచి రాగానే, "ఆఖరి మనిషికి వినబడ్డదా?" అని అడిగేవాడు. ఆయన పోయిన నెలంతా ఆమె పనికి వెళ్లలేదు. తర్వాత మళ్లీ వెళ్లింది.

ఈమధ్య గండిపేట దగ్గర కొత్తగా లేచిన అపార్టుమెంట్ల నుంచి పిలుపులు ఎక్కువగా వస్తున్నాయి. చాలామంది గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసేవాళ్లు. మొన్న ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో, అసోసియేషన్ కార్యదర్శి మేఘ వాళ్లకు కాఫీ ఇచ్చి, తన ఫోన్ తీసి చూపించింది. అపాయం వస్తే ప్రతి ఇంటికీ అలారం మోగే యాప్ అది. చాలా శ్రద్ధగా చేయించుకున్నారు.

"బాగుంది మేడం," అంది వనిత, నిజంగానే. "ఇది ఉండాలె. దీన్ని తియ్యమంటలేను."

"మరి ఇంక ఏం తక్కువైంది?" అని మేఘ అడిగింది.

"తక్కువైందో లేదో చూద్దాం. ఈ టవర్‌ల ఇప్పుడు ఎవరెవరు ఉంటరు?"

"వర్కింగ్ డే కదా. పెద్దవాళ్లు, పనివాళ్లు, స్కూలుకు పోని పిల్లలు."

"కరెంటు తీసే ముందు, ఆక్సిజన్ మిషను పెట్టుకున్నోళ్లు గాని, లిఫ్టుల ఉన్నోళ్లు గాని లేకుంట చూసుకుందాం. సెక్యూరిటీతోని ఇంటింటికి చెప్పించండి. అన్నా, నువ్వు లిఫ్టులు కింద ఆపు." జగదీశ్ అప్పటికే లేచాడు. వనిత కాఫీ కప్పు పక్కన పెట్టి, భుజానికి సంచి తగిలించుకుంది. "కరెంటు రూము ఎటు దిక్కు మేడం? నెట్టు, కరెంటు రెండు బంద్ చేసి, పై అంతస్తుల ఉన్న ముసలోళ్లకు మీ అలారం వినబడ్తదో లేదో నడువుండ్రి, ఇద్దరం పోయి అడుగుదాం."

మేఘ ఒక క్షణం తటపటాయించింది. తర్వాత చెప్పులు వేసుకుని, కరెంటు రూము ఉన్న బేస్‌మెంటు మెట్ల వైపు దారి చూపిస్తూ ముందు నడిచింది.